స్తంభంలోంచి వంద పౌండ్లు

హిరణ్యకశిపుడు స్తంభాన్ని కొడితే నరసింహుడు వచ్చాడు. ఇంగ్లండ్‌లో కొట్టే శ్రమ కూడా అక్కర్లేదు. స్తంభం పక్కన కారు ఆపితే చాలు, వంద పౌండ్ల బిల్లు బయటికొస్తుంది. ఆ స్తంభానికి మెడ రిక్కించి చూడాల్సినంత ఎత్తులో ఒక బోర్డు, బోర్డు మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఒక ఒప్పందం. వాన కురుస్తుండగా, వెనక సీట్లో పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుండగా మీరు స్టీరింగు తిప్పి లోపలికొచ్చి బండి ఆపారంటే ఆ ఒప్పందానికి తలూపినట్టే. సంతకం అక్కర్లేదు. చదవనూ అక్కర్లేదు. చదవడానికి వీలుగా బోర్డు పెట్టారా లేదా అన్నదే లెక్క.

ఎందుకీ తంతు అంటే, అక్కడ జరిమానా వేసే అధికారం ప్రభుత్వానిది, స్థానిక కౌన్సిల్‌ది. సూపర్‌మార్కెట్ ముందున్న స్థలానికి కాపలా కాసే ప్రైవేటు కంపెనీకి ఆ అధికారం లేదు. అది అనగలిగిందల్లా "మాకు మాటిచ్చావు, తప్పావు, కట్టు" అనే. మరి మాట ఎప్పుడిచ్చాం, ఎవరికిచ్చాం అంటే బోర్డు వైపు వేలు చూపిస్తుంది. ఈ తేడా జనానికి తెలియకపోవడం కంపెనీలకు ఎంతో మేలు. అందుకే వాళ్ల నోటీసు కూడా కౌన్సిల్ నోటీసులాగే ఉంటుంది, పేరు కుదిస్తే రెండూ పీసీఎన్‌లే అవుతాయి. ఇదంతా కాకతాళీయమేనని నమ్మే మంచివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కాళ్లకు దండం.

మనవాళ్లకు పార్కింగ్ అంటే ఈల. "రానీ రానీ రానీ... చాల్ చాల్" అంటూ కారు వెనక చరిచే ఒక మనిషి. ఇరవై అడిగితే పది ఇస్తాం, "రెండు నిమిషాలే అన్నా" అంటాం. 2018లో తెలంగాణ ప్రభుత్వం మాల్స్‌లో, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంటకు పార్కింగ్ డబ్బులు తీసుకోకూడదని జీవో ఇచ్చింది. ఆ జీవోను గుర్తు చేయాలన్నా బూత్‌లో కూర్చున్న కుర్రాడితో గొడవపడాల్సిందే. అయితేనేం, గొడవపడటానికి ఓ మనిషంటూ ఉన్నాడు. ఇంగ్లండ్‌లో కెమెరా ఉంటుంది. కెమెరాను "అన్నా" అని పిలిచి చూడండి.

కోవెంట్రీలో ఉద్యోగం చేసుకుంటున్న మా అన్నయ్య కొడుకు ఆ కెమెరాకే దొరికాడు. పొద్దున్న ఆఫీసుకెళ్తూ రెండు గంటలు ఉచితమన్న ఒక షాపుల సముదాయంలోకి వెళ్లి పాలు, బ్రెడ్డు కొన్నాడు, బయటికొచ్చాడు. సాయంత్రం ఇంటికొస్తూ మళ్లీ వెళ్లి ఉల్లిపాయలు కొన్నాడు. పొద్దున్న వెళ్లడం కెమెరా చూసింది. రావడం చూడలేదు. సాయంత్రం వెళ్లడం చూడలేదు. రావడం చూసింది. మధ్యలో దానికి కునుకు పట్టినట్టుంది. లెక్క మాత్రం తేల్చేసింది, ఈ మనిషి పాలూ ఉల్లిపాయలూ కొనడానికి పగలంతా పట్టిన ఘనుడని. ఇలాంటి కునుకులు కొత్తేం కాదు, ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ తెలిసినవే.

నోటీసు ఇంటికెలా వచ్చిందంటారా? స్వాన్సీలో డీవీఎల్ఏ అని బళ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు ఒకటుంది. బండి నంబరు చెప్పి రెండున్నర పౌండ్లు చెల్లిస్తే ఆ బండి ఎవరి పేరున ఉందో, ఇల్లెక్కడో చెప్పేస్తుంది. ఇలా ప్రైవేటు కంపెనీలు అడిగి తీసుకునే చిరునామాలు ఏడాదికి కోటికి పైమాటే. పౌరుల సొంత సమాచారానికి ప్రాణమిచ్చే దేశమది, డాక్టరు గుమాస్తాను పక్కింటివాడి పేరడిగినా చెప్పదు. రెండున్నర పౌండ్ల దగ్గర మాత్రం కాస్త సడలింపు ఉంది.

దీని వెనక చిన్న ఇచ్చిపుచ్చుకోవడం కథ ఉంది. ఒకప్పుడు ఈ కంపెనీలు కారు చక్రానికి ఇనప సంకెళ్లు బిగించి, డబ్బు చేతిలో పడ్డాకే విప్పేవి. 2012లో వచ్చిన చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రైవేటు స్థలాల్లో ఆ సంకెళ్లు నిషేధించింది. జనం చప్పట్లు కొట్టారు. అదే చట్టం చివర నాలుగో షెడ్యూల్‌లో కంపెనీలకు ఓ కానుక దాచిపెట్టింది. బండి నడిపిందెవరో తెలియకపోతే బండి ఎవరి పేరున ఉందో వాళ్ల దగ్గరే వసూలు చేసుకోవచ్చు, నోటీసు మాత్రం పద్ధతి ప్రకారం ఉండాలి, కెమెరా కేసైతే 14 రోజుల్లో చేరాలి. సంకెళ్లు చక్రం నుంచి చిరునామాకు మారాయి. స్కాట్లాండ్‌లో ఈ షెడ్యూల్ వర్తించదు కాబట్టి అక్కడ ఈ పప్పు ఉడకదు.

నోటీసులో వంద పౌండ్లు, 14 రోజుల్లో కడితే అరవై. మావాడు ఆ అరవై కట్టేవాడే. కానీ అన్ని ఆపదలకూ మందుండే చోట, అంటే ఊళ్లో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఈ విషయంలో మనవాళ్లలో రెండు మతాలున్నాయి. మొదటిది "కట్టేయ్ బ్రో" మతం. వీళ్ల లెక్కలో అరవై పౌండ్లంటే ఒక పూట బిర్యానీ పార్టీ, మనశ్శాంతి దానికంటే విలువైంది. రెండోది "చింపేయ్ బ్రో" మతం. వీళ్లు 2012కు ముందు వచ్చి స్థిరపడ్డ సీనియర్లు. ఆ రోజుల్లో కారు నడిపిందెవరో కంపెనీ నిరూపించుకోలేక చతికిలపడేది. చట్టం మారింది, సీనియర్ల సలహా మారలేదు. మధ్యలో ఒకాయన గుడ్ మార్నింగ్ పువ్వు పెట్టాడు.

మావాడు రెండో మతం పుచ్చుకున్నాడు. దాంతో ఎర్ర అక్షరాల ఉత్తరాలు మొదలయ్యాయి. వంద కాస్తా నూట డెబ్భై అయింది. ఆ డెబ్భై దేనికంటే, "మీరు డబ్బివ్వలేదని మీకు గుర్తు చేసినందుకు". పంపేది వసూళ్ల ఏజెన్సీ. దానికి ఇంటి తలుపు కొట్టి సామాను పట్టుకెళ్లే అధికారమేమీ లేదు, ఉన్నదల్లా ప్రింటరు. ఉత్తరం ఉత్తరానికీ గొంతు పెరుగుతుంది, అక్షరాలు లావెక్కుతాయి. వీటిని చూసి చూసి అలవాటుపడ్డ మనిషి, ఒకరోజు నార్తాంప్టన్ నుంచి వచ్చే సాదాసీదా కాగితాన్ని కూడా వాటితో కలిపి సొరుగులో పడేస్తాడు. అసలు ప్రమాదం అదే. అది కోర్టు కాగితం. దానిమీద ఎర్ర రంగు ఉండదు.

"బాబాయ్, కోర్టు నుంచి వచ్చింది. జైల్లో వేస్తారా? వీసా ఏమవుతుంది?" అని అర్ధరాత్రి ఫోను.

"ఒరేయ్, ఇది సివిల్ కేసు. జైలు లేదు. ముందు కాగితం మీద తేదీ చదువు" అన్నాను.

తేదీయే ప్రాణం. కాగితం జారీ అయిన ఐదు రోజులకు అందినట్టు లెక్క. అందిన 14 రోజుల్లో "ముట్టింది, వాదిస్తాను" అని ఆన్‌లైన్‌లో ఒక్క మాట చెబితే, సంజాయిషీ రాసుకోవడానికి అందిన రోజు నుంచి మొత్తం 28 రోజులు దొరుకుతాయి. ఏమీ చెప్పకపోతే, కంపెనీ కోరగానే అడిగినంతా ఇమ్మని తీర్పు వచ్చేస్తుంది. జడ్జి ఫైలు తెరవక్కర్లేదు. నెలలోగా పూర్తిగా కట్టకపోతే ఆ తీర్పు ఆరేళ్లు రిజిస్టరులో కూర్చుని, ఇంటి లోను అడిగినప్పుడల్లా బ్యాంకువాడికి చెయ్యి ఊపుతుంది. ఇల్లు మారి, కాగితం పాత చిరునామాకు వెళ్లినవాళ్లకు ఈ సంగతి తెలిసేది లోను తిరస్కరించాకే. అప్పుడా తీర్పును రద్దు చేయమని అడగడానికే ఫీజు మూడొందల పౌండ్లు దాటుతుంది. అసలు బాకీ వంద. తెలుగువాళ్లు అద్దె ఇళ్లు మారే వేగం గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

కంపెనీ అడిగింది ఎంతయ్యా అంటే వంద, దానికి డెబ్భై, కోర్టు ఫీజు 35, లాయరు ఖర్చు 50. వెరసి 255, పైన ఏటా 8 శాతం వడ్డీ. ఎందుకు అడిగిందయ్యా అంటే నాలుగు లైన్లు. "ప్రతివాది షరతులు ఉల్లంఘించాడు." ఏ షరతు, ఎలా ఉల్లంఘించాడు? ఆ వివరం లేదు. ఇలా ఏం చేశాడో చెప్పకుండా వేసిన దావాను 2023 ఆగస్టులో అప్పీలులో ఒక సర్క్యూట్ జడ్జి కొట్టేశారు. ఆ తీర్పు కింది జడ్జిలను కట్టిపడేయదు గానీ, చూపిస్తే చాలామంది చదువుతారు. అయినా ఆ నాలుగు లైన్లు అలాగే వస్తున్నాయి. వేలల్లో అచ్చేసే సరుకుకు ఒక్కొక్కరి ఉల్లిపాయల సంగతి రాయాలంటే గిట్టుబాటు కాదు మరి.

ఇక సంజాయిషీ. మనవాడు మొదట రాసింది పన్నెండు పేజీల ఆత్మకథ. రెండు సూట్‌కేసులతో హీత్రూలో దిగడం దగ్గర మొదలై, టాక్సులు ఎంత నిజాయితీగా కడుతున్నాడో చెప్పి, ఏడో పేజీలో కారు ఎక్కాడు. అదంతా తీసేయించాను. "పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లాను, మధ్యలో బండి ఆఫీసు దగ్గరుంది. ఇదిగో ఆఫీసు గేటు రికార్డు, ఇదిగో రెండు కొట్టు బిల్లులు" అని ఉంచాం. జడ్జికి కావలసిందదే. ఉల్లిపాయల బిల్లు ఇంకా పారేయకుండా ఉంచిన మా కోడలికి పద్మశ్రీ ఇవ్వొచ్చు.

కంపెనీ వెంటనే బ్రహ్మాస్త్రం తీసింది. 2015 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పిన పార్కింగ్ ఐ వర్సెస్ బీవిస్ తీర్పు అది. బ్యారీ బీవిస్ అని ఒక చిప్స్ షాపు యజమాని. చెల్మ్స్‌ఫర్డ్‌లో రెండు గంటలు ఉచితమన్న చోట 56 నిమిషాలు ఎక్కువున్నాడు, 85 పౌండ్లు కట్టమంటే సుప్రీంకోర్టు దాకా పోయాడు. ఏడుగురు జడ్జిల్లో ఆరుగురు ఆయనకు వ్యతిరేకంగా చెప్పారు. అప్పట్నుంచీ ఏ కేసులో చూసినా కంపెనీ లాయర్లు ఈ తీర్పును మంత్రంలా జపిస్తారు. సగమే జపిస్తారు. అక్కడ బోర్డులు పెద్దవి, స్పష్టంగా ఉన్నాయి, మొత్తం ఎంతో పెద్దక్షరాల్లో ఉంది అన్న రెండో సగం గొంతులోనే ఉండిపోతుంది. ఆ కేసులో బయటపడిన ఇంకో ముచ్చట నాకు మరీ ఇష్టం. కంపెనీ స్థల యజమానికి వారానికి వెయ్యి పౌండ్లు ఎదురిచ్చి ఆ కారు పార్కు నడిపింది. రాబడంతా ఆలస్యమైనవాళ్ల నుంచే. అంటే జనమంతా బుద్ధిగా టైముకు వెళ్లిపోతే దివాలా తీసే వ్యాపారం. ఇలాంటి వ్యాపారానికి బోర్డు పెద్దగా రాయమని చెప్పడమంటే, చేపకు కనబడేలా గాలం వేయమని చెప్పడమే.

కోర్టులకు మొదట్నుంచీ ఈ యంత్రాల మీద కాస్త అనుమానమే. 1964లో ఒక ట్రంపెట్ వాయించే ఆయన లండన్‌లో కారు పార్కుకొచ్చి గాయపడ్డాడు. టికెట్ మీద చూడమన్న షరతుల ప్రకారం మా బాధ్యత లేదంది యాజమాన్యం. లార్డ్ డెన్నింగ్ ఆ వాదన ఒప్పుకోలేదు. మెషీన్‌ను బతిమాలినా తిట్టినా అది చలించదు, డబ్బు లోపల పడ్డాక వచ్చే షరతు చెల్లదు అన్న భావం వచ్చేలా రాశారు. 2016లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇంకొకటి. సొంత ఫ్లాటు ముందు బండి ఆపి బరువైన సామాను దింపుకున్నావిడకు కంపెనీ బిల్లు వేసింది. సామాను దింపడం పార్కింగ్ కాదు, అలాగైతే పాలవాడూ పోస్ట్‌మ్యానూ కూడా రోజూ కట్టాలి అన్నట్టుగా తేల్చారు జడ్జి.

మరి ప్రభుత్వం ఏం చేస్తోందంటే, చాలా చేస్తోంది. 2019లో ఈ కంపెనీలకు ఒక నియమావళి రాయాలని పార్లమెంటు చట్టం చేసింది. 2022 ఫిబ్రవరిలో నియమావళి వచ్చింది. గుర్తు చేసినందుకు వేసే ఆ డెబ్భై కుదరదంది, చాలాచోట్ల గరిష్ఠం యాభై అంది. కంపెనీలు కోర్టుకెళ్లాయి. జూన్‌లో ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుని ఎక్కడో పార్క్ చేసింది. 2025లో మళ్లీ అభిప్రాయ సేకరణ మొదలెట్టింది. ఆ నియమావళికి మాత్రం ఏ కెమెరా కూడా ఇన్నేళ్లలో టికెట్ వేయలేదు. ఈలోపు డెర్బీలో ఒకావిడ, సిగ్నల్ సరిగా లేని చోట ఫోనులో డబ్బు కట్టడానికి ఐదు నిమిషాలు దాటిందని, 1,906 పౌండ్లకు దావా ఎదుర్కొంది. డబ్బు కట్టలేదని కాదు, నెమ్మదిగా కట్టిందని. పేపర్లలో గోల అయ్యాక ఆ కేసు వదిలేశారు, నియమమూ మార్చుకున్నారు.

మావాడి కేసు తర్వాతి మజిలీ మధ్యవర్తిత్వం. 2024 మే నుంచి చిన్న దావాలకు ఇది తప్పనిసరి, ఉచితం. ఫోన్లోనే, ఒక గంట. మధ్యవర్తి ఎవరిది న్యాయమో చెప్పడు, ఇటు మాట అటు, అటు మాట ఇటు మోస్తాడు. ఎట్టకేలకు బేరం! తరతరాలుగా మనం సాధన చేసిన విద్య. సుల్తాన్ బజార్‌లో పెరిగిన మా వదిన పక్కనే కూర్చుని చేత్తో "ఇంకా తగ్గించు" అని సైగలు చేసిందట. అంకెలేమిటో మాత్రం రాయకూడదు, మధ్యవర్తి దగ్గర జరిగింది రహస్యం. బేరం కుదరలేదు అంతే.

విచారణ తేదీ వచ్చింది. మావాడు బెంచి మీద జడ్జి, బోనులో తను అని ఊహించుకుని సూటు కుట్టించాడు. అలాంటివేం ఉండవు. ఒక గది, ఒక బల్ల, బల్లకు అటు జిల్లా జడ్జి, "జడ్జ్" అని పిలిస్తే చాలు. కంపెనీ తరఫున సాక్ష్యం రాసి పంపినవాళ్లు ఆ కారు పార్కు మొహం చూసి ఉండరు, వచ్చే వకీలు ఆ ఫైలును అదే రోజు చూసి ఉంటాడు. ఇలాంటివి అందరూ గెలుస్తారని కాదు. రెండు గంటలు దాటినమాట నిజమై, బోర్డు కళ్లెదుటే ఉంటే ఓడిపోతారు, ఓడితే దాదాపు అడిగినంతా కట్టాలి. లాయర్ల వేల పౌండ్ల బిల్లు నెత్తిన పడుతుందన్న భయం మాత్రం ఉత్తిది, చిన్న దావాల్లో అది సాధారణంగా ఉండదు.

విచారణకు ముందు కంపెనీ కోర్టుకు ఇంకో ఫీజు కట్టాలి. 27 పౌండ్లు. ఎర్ర ఉత్తరాలతో, వడ్డీ లెక్కలతో, సుప్రీంకోర్టు తీర్పుతో 255 కోసం ఏడాదిగా పోరాడిన కంపెనీ ఆ 27 దగ్గర ఆగి ఆలోచించింది. గడువు ముగిసేలోపు "కేసు విరమించుకుంటున్నాం" అని ఒక కాగితం వచ్చింది. కారణం లేదు, క్షమాపణ లేదు, అచ్చు మాత్రం చక్కగా ఉంది.

మావాడికి ఆనందం కంటే సూటు వృథా అయిందన్న బాధే ఎక్కువ. గ్రూపులో పెట్టాడు. "చింపేయమని మేం ముందే చెప్పాం" అన్నారు రెండో మతంవాళ్లు. "అరవై కట్టేసి ఉంటే ఏడాదంతా హాయిగా నిద్రపోయేవాడివి" అన్నారు మొదటి మతంవాళ్లు. ఆ సూటు అమ్ముతావా, సైజెంత అని అడిగాడు గుడ్ మార్నింగ్ పువ్వాయన. ఆయనకు వచ్చే నెల్లో విచారణ ఉందట.