గజేంద్రుడికి ఓటీపీ రాలేదు

2025 డిసెంబర్ ముక్కోటికి మొదటి మూడు రోజులూ తిరుమల వైకుంఠ ద్వారం ఈ-డిప్‌లో పేరొచ్చిన వాళ్లకేనన్నారు. వెబ్‌సైట్లోనో, యాప్‌లోనో, వాట్సాప్‌లోనో పేరిచ్చుకోవాలి. ఆనక కంప్యూటర్ తీసే లాటరీలో తగలాలి. ఈ మాట వెలువడిన రోజే మా నానక్‌రామ్‌గూడ టవర్లలో పండగ మొదలైంది. మా పై అంతస్తు కుర్రాడు అప్పుడే ఎక్సెల్ షీటు తెరిచి చుట్టాల ఆధార్ నంబర్లు పేరుస్తున్నాడు. మూడొందల రూపాయల టికెట్లు వదిలే రోజున పొద్దున పదింటికి ఆఫీసు మీటింగును మ్యూట్‌లో పెట్టి, నాలుగు ల్యాప్‌టాప్‌లతో ఆరితేరిన చెయ్యి అది.

"డిప్ అంటే భక్తి కాదంకుల్, ప్రాబబిలిటీ" అన్నాడు.

నాకు గజేంద్రుడు గుర్తొచ్చాడు. పాపం, ఆయనకీ ముక్క తెలీదు. వెయ్యేళ్లు మొసలితో పెనుగులాడి, ఓపిక సన్నగిల్లాక, నీవే దిక్కని ఎలుగెత్తాడు. ఆ రోజుల్లో చెల్లింది. ఇప్పుడైతే ముందు లాగిన్ అవ్వాలి.

తొండంతో ఫోను పట్టుకున్నాడనుకుందాం. తడి తొండం, టచ్ పనిచెయ్యదు. ఎలాగో ఒత్తాడు. ఆధార్‌లో చిరునామా త్రికూట పర్వతం, మడుగు, పిన్‌కోడ్ తప్పనిసరి. వేలిముద్ర వేద్దామంటే ఏనుగుకి బొటనవేలేదీ? ముఖం చూపించమంటే సగం నీళ్లలో ఉంది. సరే, ఒకరి పేరు మీద ఇంకో ముగ్గురిని చేర్చుకోవచ్చన్నారు. వెనక మందంతా ఒడ్డున నిలబడి ఆ మూడు పేర్లూ ఎవరివా అని చూస్తోంది. పెద్ద భార్య ఇప్పటికే మొహం తిప్పుకుంది.

ఈలోపు తెర మీద తొమ్మిది బొమ్మలు. 'మీరు యంత్రం కాదని నిరూపించుకోండి. మొసలి ఉన్న బొమ్మలన్నీ ఎంచండి.' కాలు మొసలి నోట్లో పెట్టుకుని ఆ పని చేసినవాడు లోకంలో మరొకడు లేడు. ఎనిమిదో బొమ్మలో ఉన్నది మొసలో దుంగో తేలక ఆలోచిస్తుంటే, సెషన్ ముగిసింది, మళ్లీ ప్రయత్నించండంది. హెల్ప్‌లైన్‌కి కొట్టాడు. కష్టం మొసలి వల్లయితే ఒకటి, భార్యల వల్లయితే రెండు, మోక్షానికైతే వేచి ఉండండి. ఓటీపీ మాత్రం రానే లేదు. మడుగులో సిగ్నలుండదు. ఇంకో వెయ్యేళ్లయ్యాక ఎలాగో నమోదైంది.

అక్కడ వైకుంఠంలో స్వామికి ప్రాణం ఆగలేదు. లక్ష్మీదేవికి చెప్పకుండా, శంఖచక్రాలు అందుకోకుండా, గరుత్మంతుణ్ణి పిలవకుండా లేచాడు. అంతే, కంట్రోల్ రూమ్ తెర మీద ఎర్రలైటు! 2025 సెప్టెంబర్‌లో కొండ మీద ఏఐ కెమెరాలతో కమాండ్ సెంటర్ మొదలైంది కదా, పైన మాత్రం ఉండదా? 'మూలవిరాట్టు స్థానంలో లేరు. భక్తుడు ఇంకా ఎంపిక కాలేదు. దయచేసి కూర్చోండి.' స్వామి కూర్చున్నాడు.

ఫలితాలు వచ్చాయి. గజేంద్రుడి ఫోన్ మోగింది: 'క్షమించండి, మీరు ఎంపిక కాలేదు. గోవిందా గోవింద.' కింద మొసలి ఫోనూ మోగింది. దానికి తగిలింది! నానక్‌రామ్‌గూడలో ఎవరో తెలిసినవాళ్లున్నారట, పన్నెండు పేర్ల మీద పెట్టించింది.

నవ్వొస్తోంది కదా? నాకూ ఓ రోజు దాకా వచ్చింది.

ఆ రోజు మా వాచ్‌మన్ భార్య లిఫ్ట్ దగ్గర ఆపింది. పాలమూరు మనిషి. చేతిలో రబ్బరు బ్యాండు చుట్టిన బటన్ల ఫోను. "సారూ, ఏకాదశికి కొండకు పోవాలనుకుంటున్నం. మా పేర్లు గూడ ఎక్కిస్తరా?" అంది. ఎక్కిస్తానన్నాను. పోయేదల్లా వెనక్కి తిరిగి, "పోయినేడు ఎవర్నీ అడగలే సారూ. లైన్ల నిలబడ్డం" అంది.

మిగతా ఏడు రోజులూ టోకెన్ లేకుండా రావచ్చన్నారు కదా అంటారు. నిజమే. 2020 దాకా ఏకాదశి, ద్వాదశి రెండే రోజులు తెరిచిన ద్వారాన్ని పది రోజులు చేశారు, దాన్నీ కాదనను. కానీ ఆ ఏడు రోజుల్లో ఒకటైన జనవరి 4న తెరిచినా అదే ద్వారం, అదే పుణ్యం అని మనకి చెప్పిన పెద్దమనుషులు ముందు తాము 4నే వెళ్లి చూపించాల్సింది. ఏకాదశి తెల్లవారుజామున గుడి ముందు ఏ కార్లు ఆగుతాయో మనం చూడనిదా?

ఈ డిప్ ఎందుకొచ్చిందో అందరికీ తెలుసు. 2025 జనవరి 8 రాత్రి తిరుపతి బైరాగిపట్టెడ. వైకుంఠ ద్వారం టోకెన్ల కోసం వచ్చిన జనాన్ని గంటల తరబడి పార్కులో కూర్చోబెట్టారు. ఒంట్లో బాగాలేని ఒకామెను బయటికి తేవడానికి గేటు తీస్తే, టోకెన్లిస్తున్నారనుకుని ఒక్కసారిగా తోసుకొచ్చారు. ఆరుగురు పోయారు. గేట్లెన్ని ఉండాలి, ఎవరు తియ్యాలి, ఎవరు చెప్పాలి, తప్పెవరిది? నేర్చుకోవలసింది ఇది. మనం కౌంటరే ఎత్తేశాం! క్యూ తగ్గలేదు, కంటికి కనబడకుండా పోయింది. కనబడని క్యూలో ఎవడు నలిగినా ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. బటన్ల ఫోనున్న మనిషి ఏ జాబితాలోనూ ఉండదు, రాలేదన్న లెక్కలో కూడా.

ఆ ఆరుగురూ దర్శనానికి తోసుకుని పోలేదు. మర్నాడు పొద్దున అయిదింటికి ఇస్తామన్న టోకెన్ కాగితం కోసం పోయారు.