నేను తొలికను

నేను తొలికను. పల్నాటి చేలల్లో కలుపు తీసే ఆడకూలీల చేతిలో ఉండే చిన్న ఇనుప పనిముట్టును. పాత లారీ కమాను పట్టీ ముక్కను కమ్మరి కొలిమిలో కాల్చి, సాగగొట్టి, అంచు తీర్చి నాకు రూపమిచ్చాడు. తుమ్మకర్ర పిడి వేశాడు. అప్పటి నుంచి పత్తి, మిరప చేలల్లో సాలు వెంట సాలు సాగుతున్నాను. మనుషులకు కలుపు ఆకు కనపడుతుంది. నాకు మట్టిలోని వేరు కూడా తెలుసు.

నన్ను పట్టే పెద్దామె, పనికి కొత్తగా వచ్చిన పిల్లలకు మొదట మొక్కను పోల్చడం నేర్పుతుంది.

"అత్తా, ఇదీ అదీ ఒక్క గడ్డేగా?" అని అడుగుతుంది ఓ పిల్ల.

"కాదమ్మాయ్. కాడను వేళ్ల మధ్య తిప్పి చూడు. మూడు పలకలు తగిలితే తుంగ. గుండ్రంగా ఉండి కణుపులు తగిలితే గడ్డి."

ఆ ఒక్క మాటలో సగం శాస్త్రం ఉంది. ఊద, గరిక వంటి గడ్డి జాతి మొక్కలకు ఆకులు కాడకు రెండు వైపులా వస్తాయి. తుంగకు మూడు వైపులా వస్తాయి, కాడ లోపల గట్టిగా నిండి ఉంటుంది. ఇక గునుగు, గలిజేరు, చెంచలకూర, ఉత్తరేణి, వయ్యారిభామ వెడల్పాకు జాతివి. వీటి ఆకుల్లో ఈనెలు అల్లిబిల్లిగా అల్లుకుంటాయి. కింద తల్లివేరు ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు మొదలుకు కాస్త దిగువన తెగగొడితే వీటిలో చాలావాటి పని అయిపోతుంది.

వరి మడిలో నాకు పని లేదు, అక్కడ చేత్తో పీకుతారు. లేత ఊద అచ్చం వరిలాగే ఉండి నారుతో పాటే మడిలోకి వచ్చేస్తుంది. ఆకు కాడను అంటుకునే చోటు చూస్తే గుట్టు తెలుస్తుంది. వరికి అక్కడ సన్నని పొర, రెండు చిన్న నూగు కొనలు ఉంటాయి. ఊదకు ఆ రెండూ ఉండవు.

జాతి తెలిస్తే సరిపోదు, ఆయుష్షూ తెలియాలి. గునుగు, వయ్యారిభామ విత్తనంతో బతికే మొక్కలు. పూత రాకముందే తీసేయాలి. వయ్యారిభామ ఒక్క మొక్కే వేల విత్తనాలు రాలుస్తుంది. దాన్ని ఒట్టి చేత్తో పట్టుకుంటే కొందరికి ఒళ్లంతా దురదలు, దద్దుర్లు వస్తాయి. చేతులకు తొడుగు లేకుండా ఏ కూలీనీ దాని జోలికి పంపకూడదు.

గరిక, తుంగ ఏళ్ల తరబడి బతుకుతాయి. గరికను ముక్కలు చేస్తే కణుపున్న ప్రతి ముక్కా మళ్లీ చిగురిస్తుంది. తుంగ గడ్డలు నేల లోపల జపమాల పూసల్లా వరసగా ఉంటాయి. పైమొక్కను ఒక్కసారి తెగ్గొట్టి వదిలేస్తే నిద్రలో ఉన్న గడ్డలు మేలుకుంటాయి, ఒకటి ఉన్నచోట నాలుగు లేస్తాయి. మొలిచినప్పుడల్లా లేతలోనే తీస్తూ పోతేనే గడ్డలోని సత్తువ తరుగుతుంది. వేసవిలో లోతుగా దున్ని, పైకి వచ్చిన గడ్డల్ని, గరిక వేళ్లను ఎండకు ఎండబెట్టి ఏరేయాలి. తుంగ నీడకు ఓర్వలేదు. పైరు గుబురుగా కమ్మితే దాని జోరు తగ్గుతుంది.

నా అంచుకు లొంగనివీ ఉన్నాయి. కృష్ణా డెల్టాలో వరి తర్వాత వేసే మినుములో బంగారు తీగ అల్లుకుంటుంది. మొలిచి మినుమును పట్టుకున్నాక దానికి నేలతో పనే ఉండదు. పూత రాకముందే, అది పట్టిన మినుము మొక్కలతో సహా పీకి తగలబెట్టాలి. పొగాకు మల్లె పొగాకు వేళ్లను పట్టుకుని మట్టిలోనే రసం పీలుస్తుంది. అది పైకి కనపడేసరికే పైరుకు నష్టం మొదలై ఉంటుంది. దాని విత్తనాలు నేలలో ఏళ్లపాటు చావవు కాబట్టి, గింజ కట్టకముందే పీకేయడం వచ్చే పంటల కోసం చేసే పని.

కలుపు మందులకూ ఈ జాతుల లెక్కే. క్విజాలోఫాప్ గడ్డి జాతినే చంపుతుంది, తుంగను ఏమీ చేయలేదు. 2,4-డి వెడల్పాకు మొక్కల మీద పనిచేస్తుంది. పత్తి కూడా వెడల్పాకు మొక్కే. పక్క చేలో కొట్టిన ఆ మందు గాలికి కొట్టుకొచ్చినా పత్తి ఆకులు ముడుచుకుపోతాయి.

అదునూ ముఖ్యమే. పత్తిలో మొదటి 60 రోజులు కలుపు లేకుండా చూడాలి. వేరుశనగలో 45 రోజుల తర్వాత, ఊడలు దిగే వేళ, నన్ను చేలోకి తేవద్దు. నేను కదిపిన ప్రతి ఊడా ఒక కాయ నష్టం.

రైతన్నా, మందు కొట్టుకు వెళ్లే ముందు నీ చేలో దట్టంగా ఉన్న కలుపును వేరుతో సహా ఒకటి పెకలించి చూడు. కాడ ఎన్ని పలకలు, ఆకులు ఎన్ని వైపులు, కింద ఉన్నది తల్లివేరా, పీచువేరా, గడ్డా? పోల్చుకోలేకపోతే ఏళ్లుగా కలుపు తీస్తున్న కూలీ తల్లిని అడుగు, ఆ మొక్కను వ్యవసాయాధికారికి చూపించు. మందు కొనాలో, దుక్కి దున్నాలో, నన్ను పట్టాలో ఆ తర్వాతే తేల్చుకో. పోల్చుకోకుండా చేసిన కలుపుతీత కూలి డబ్బుకు చేటు, నేలకూ చేటు.