కొండచిలువ గారి వంకలు

కొండచిలువ మళ్లీ అన్నం మానేసింది.

ఈ కబురు టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి తణుకుకి రాత్రి ఎనిమిదిన్నరకి, సరిగ్గా పెద్దాయన మజ్జిగన్నం కలుపుకునే వేళకి, వీడియోతో సహా వస్తుంది. అక్కడ అప్పుడు పొద్దు. మేనల్లుడు ఒక చేత్తో కాఫీ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని గ్యారేజీలోకి నడుస్తాడు. "చూడు మావయ్యా, ఇవాళ కొత్త పిల్లలు," అంటాడు. ఫోను నిండా గులాబీ రంగులో, కళ్లు తెరవని, వెంట్రుక మొలవని ఎలుక పిల్లలు. పెద్దాయన కంచం పక్కకి జరుపుతారు. బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. ఎలుకలంటే ఆయనకి తెలిసింది చంపడం, చంపలేకపోవడం, ఈ రెండే. వాటిని ప్రసవానికి తీసుకొచ్చి, బాలింతకి బలమైన తిండి పెట్టి, పిల్లల్ని లెక్కపెట్టి మురిసిపోయే మనిషి తన వంశంలో పుడతాడని ఆయన ఏ జాతకంలోనూ చూడలేదు.

పాము బాల్ పైథాన్. ఘనా, టోగో, బెనిన్ వైపు పుట్టిన సరుకు. కొండచిలువే గానీ చిన్నది, మూడు నాలుగు అడుగులు పెరుగుతుంది. కరవడానికి బద్ధకం. భయమేస్తే చుట్టగా చుట్టుకుని తల మధ్యలో దాచుకుంటుంది. అమెరికాలో పిల్లలున్న ఇళ్లలోకి అది చొరబడగలిగింది ఈ పిరికితనం వల్లే. అయితే కొనేటప్పుడు అంతగా పట్టించుకోని గుణం ఇంకోటుంది. తిండి దగ్గర అది విడిదింట్లో మగపెళ్లివారి బావగారు. నచ్చకపోతే ముట్టదు. ఒక పూట కాదు, ఒక వారం కాదు, నెలల తరబడి ముట్టదు. దానికేమీ కాదు. చిక్కిపోయేది పెంచేవాడు.

దానికి వడ్డించే పద్ధతి చూడాలి. ఫ్రీజర్లోంచి గడ్డకట్టిన చుంచెలుకని తీసి వేడినీళ్లలో కరిగించాలి. తర్వాత హెయిర్ డ్రయ్యర్‌తో తల వెచ్చబెట్టాలి. పాము పై పెదవి వెంట వేడిని పసిగట్టే గుంటలుంటాయి, చల్లగా తగిలినదాన్ని అది తిండి కింద జమ కట్టదు. ఆపైన పొడుగాటి పట్టకారుతో పట్టుకుని, బతికున్నదన్నట్టు మూతి ముందు ఆడించాలి. మేనల్లుడు ఆడించాడు. పాము అసలు యజమాని, అంటే పుట్టినరోజు కానుకగా దాన్ని సాధించిన మేనల్లుడి కొడుకు, ఆడించాడు. పాము తల అటు తిప్పుకుంది. మనింట్లో పిల్లాడు దొండకాయ కూర చూసి తిప్పుకుంటే వీపు మీద ఒకటి పడేది.

దీనికో మోసం ఉంది. జెర్బిల్ అని మంగోలియా వైపు ఎడారి ఎలుక. దాని గూట్లోని పొట్టు, అది పాడు చేసిన పొట్టే, తెచ్చి చుంచెలుక ఒంటికి పులిమితే, ఆ వాసనకి మొండి పాము కూడా నోరు తెరుస్తుందట. చాలా పాముల విషయంలో ఇది పనిచేస్తుంది కూడా. ఒకరి మూత్రం వాసన ఇంకొకరికి తాలింపు. కాలిఫోర్నియాలో అయితే జెర్బిల్‌ని పెంచడమే నిషేధం, తప్పించుకుని అక్కడి నేలలో స్థిరపడిపోతుందని భయం. హవాయిలో పామే నిషేధం. పెద్దాయనకి హవాయి మీద అప్పటికప్పుడు గౌరవం పుట్టుకొచ్చింది.

ఈ పాము ఆ మోసానికీ లొంగలేదు. అప్పుడు తేలింది, దీనికి పుట్టింటి వంట కావాలని. ఆఫ్రికన్ సాఫ్ట్‌ఫర్ ఎలుక అంటారు దాన్ని. చుంచుకి పెద్దది, ఎలుకకి చిన్నది, బొచ్చు మెత్తన. మామూలు ఎలుకని ఛీ కొట్టిన బాల్ పైథాన్ దీన్ని చూస్తే వెనకాముందూ ఆలోచించదని పాములు పెంచేవాళ్లు చెప్పుకుంటారు. చిక్కేమిటంటే, ఒకసారి దీనికి అలవాటు పడ్డ పాము మళ్లీ మామూలు ఎలుక వంక చూడకపోవచ్చు. అన్ని దుకాణాల్లోనూ ఇది దొరకదు. కాబట్టి పెంచుకోవాలి.

అలా మేనల్లుడి గ్యారేజీలో, కారుకీ బట్టలుతికే యంత్రానికీ మధ్య, ఎలుకల కాపురం వెలిసింది. వీటికి చాలా సుగుణాలున్నాయని అతని వాదన. చుంచెలుకలంత కంపు కొట్టవు. గుంపుగా కలిసి ఉంటాయి. ఆడదానికి 24 దాకా చన్నులుంటాయి, ఏ బిడ్డా పాలకి ఏడవదు. 23 రోజుల్లో ఈనుతుంది, ఈతకి పది పన్నెండు పిల్లలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మూడు నెలలు తిరక్కుండానే ఆ పిల్లలు తల్లులవుతాయి. పెద్దాయన అలవాటు కొద్దీ పాత డైరీ వెనక పేజీలో ఒక మగ, నాలుగు ఆడ అసలుగా పెట్టి చక్రవడ్డీ కట్టారు. మూడో నెల దాటేసరికి పేజీ చాల్లేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో అంత వడ్డీ ఏ ఖాతాలోనూ చూడలేదాయన. పాము తినేది వారం పది రోజులకి ఒకటి.

"మరి మిగతావి?"

"అదే ఆలోచిస్తున్నా మావయ్యా."

దుర్గుణాల గురించి కొంచెం ఆలస్యంగా చెప్పాడు. పట్టుకోబోతే కరుస్తాయి. గెంతుతాయి. పశ్చిమ ఆఫ్రికా అడవి జాతిలో లాసా జ్వరం వైరస్ ఉంటుంది. 1969లో నైజీరియాలోని లాసా ఊళ్లో బయటపడిన జబ్బు అది. "అవి వేరు, ఇవి తరతరాలుగా బోనుల్లో పుట్టినవి," అన్నాడు. నిజమే. 2003లో ఘనా నుంచి టెక్సస్‌కి దిగుమతైన ఎలుకజాతి జంతువుల వల్ల మంకీపాక్స్ వచ్చి, అమెరికాలో 47 మందికి అంటుకున్నట్టు లెక్క తేలి, ఆఫ్రికా ఎలుకజాతుల దిగుమతినే అక్కడి ప్రభుత్వం ఆపేసింది. అంతకుముందే అక్కడ కాపురాలు పెట్టినవాటి సంతానం మాత్రం మిగిలింది. వీసాలు ఆగిపోకముందే వెళ్లి స్థిరపడిపోయినవాళ్ల పిల్లలన్నమాట. ఇంత చరిత్రా విని పెద్దాయన ఇల్లాలు వంటింట్లోంచి ఒక్కటే అంది: "ఆ ఫోను ముట్టుకున్న చేత్తో అన్నం ముట్టుకోకండి."

అసలు దుర్గుణం మరోటి. ప్లాస్టిక్ కొరికేస్తాయి. ఒక రాత్రి పెట్టె మూత కొరుక్కుని రెండు బయటపడ్డాయి. మర్నాడు మేనల్లుడి మొహంలో కాఫీ కళ లేదు. "మావయ్యా, బోనులో ఏం పెట్టాలి?" అన్నాడు. అమెరికాలో ఎమ్మెస్ చదివినవాడు తణుకుని సలహా అడిగిన ఆ రాత్రి పెద్దాయన చెయ్యి కడుక్కుని మరీ కూర్చున్నారు.

బోనులో ఎర అన్నది తణుకులో తేలిగ్గా తేలే వ్యవహారం కాదు. పెద్దాయనది ఉల్లిపాయ పకోడీ వర్గం. ఎదురింటివారిది ఎండురొయ్య. పాలబ్బాయి కాల్చిన కొబ్బరిముక్క అంటాడు, ఎవరూ అడక్కుండానే. పకోడీకి ఉన్న బలం వాసన, బలహీనత మెత్తదనం. వేడిగా ఉన్నదాన్ని కొక్కేనికి గుచ్చితే ఎలుక చుట్టూ అంచులు కొరుక్కుని, కొక్కెం కదలకుండా భోంచేసి వెళ్లిపోతుంది. అదే నిన్నటి పకోడీ అయితే సాగుతుంది. గుంజితేగానీ రాదు, గుంజితే తలుపు పడుతుంది. కాబట్టి పకోడీ నిన్నటిదే అయ్యుండాలి. కానీ ఆ ఇంట్లో పకోడీ మర్నాటిదాకా మిగిలిన దాఖలా లేదు. అందుకని ఎలుక నిమిత్తం ప్రత్యేకంగా పొట్లం కట్టించి తెచ్చి, మనవల కంట పడకుండా అటక మీద దాచారు. ఆ పొట్లం పొట్లంగా ఎలుక పట్టుకుపోయింది. ఎండురొయ్యకి గట్టితనం ఉంది గానీ ఎలుక కంటే ముందు పిల్లి, పిల్లి కంటే ముందు చీమలు దిగుతాయి. కొబ్బరి మంచిదే. అయితే దాన్ని దీపం సెగన కాల్చాలి, ఇంట్లో సాయంత్రం వెలిగే దీపం దేవుడి గదిలో ఉంటుంది, ఆ దీపం మీద ఎలుకకి వంట చేసిన మొగుణ్ణి ఏ ఇల్లాలు ఊరుకుంటుంది?

ఇంతా చేసి, కొత్త వస్తువు కనిపిస్తే ఎలుక దాని దరికే రాదు. జాతి లక్షణం. అందుకని ముందు రెండు మూడు రోజులు బోను తలుపు పడకుండా తాడుతో కట్టేసి, దాన్ని హాయిగా తినిపోనివ్వాలి. తర్వాతే తాడు విప్పాలి. పట్టిన ఎలుకని గోస్తనీ వంతెన దాటించి వదలాలి. వంతెన అవతలి వాళ్లు తమ ఎలుకల్ని ఇవతల వదులుతున్నారన్న అనుమానం ఆ వీధిలో ఎప్పటినుంచో ఉంది. తెల్లవారుజామున గుడ్డసంచీలో బోను దాచుకుని వంతెన మీద ఎదురుపడ్డ ఇద్దరు పెద్దమనుషులు, నమస్కారం పెట్టుకుంటారే గానీ ఒకరి సంచీ వంక ఒకరు చూడరు.

ఫ్రిస్కోలో రెండింటిలో ఒకటి దొరికింది. ఎర పీనట్ బటర్. పెద్దాయన దీన్ని వ్యక్తిగత అవమానంగా తీసుకున్నారు.

పొలం ఎలుకలకి ఈ పకోడీ మర్యాదలు లేవు. 1982లో స్వర్ణ వరిని ఇచ్చిన మార్టేరు పరిశోధన కేంద్రం తణుకుకి దగ్గరే, డెల్టా రైతుకి ఎలుకమందు కొలతలు నోటికొచ్చు. నూకలు 96 పాళ్లు, నూనె 2, బ్రోమోడయోలిన్ పొడి 2. బాగా కలిపి, చిన్న కాగితం పొట్లాలు కట్టి, గట్టు మీద ప్రతి కన్నంలోనూ ఒకటి. ఊరంతా ఒకేరోజు పెట్టాలి. నీ చేలో పెట్టి ఊరుకుంటే పక్క చేను ఎలుకలొచ్చి ఖాళీలు భర్తీ చేస్తాయి. ఆ మందు కుదురు పుట్టింది కూడా అమెరికాలోనే. 1920ల్లో అక్కడా కెనడాలోనూ బూజుపట్టిన క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తం ఆగక పోయాయి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం గడ్డిలోని ఆ విషమేమిటో తేల్చింది. దాని అడుగుజాడల్లోనే 1948లో వార్ఫరిన్ ఎలుకలమందుగా బజారుకొచ్చింది. 1954లో మనుషులకీ మందయింది, మరుసటేడు గుండెపోటొచ్చిన అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌కీ ఇచ్చారు. బ్రోమోడయోలిన్ ఆ కుదురుదే. గుండె కవాటం ఆపరేషన్ తర్వాత పెద్దాయన రోజూ సాయంత్రం మింగే మాత్ర కూడా ఆ కుదురుదే. మందులషాపు కుర్రాడు ఈ సంగతి చెప్పి నవ్వాడు. ఆయన నవ్వలేదు. ఆ రాత్రి అటక మీద చప్పుడైనప్పుడు కర్ర తీసుకోలేదని ఇల్లాలి సాక్ష్యం.

గట్టు మీద జెర్రిపోతు కనిపిస్తే మాత్రం జనం ఇప్పటికీ కర్రలు తీస్తారు. ఉచితంగా ఎలుకల్ని తినిపెట్టే పాము, విషం కూడా లేదు. దాన్ని చంపి, సాయంత్రం బజారుకెళ్లి ఎలుకమందు కొంటారు. మన పాముని ఇంట్లో పెంచుదామంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు.

పెద్దాయన చిన్నప్పుడు కోతల ముందు చేలో బుట్టలు పెట్టడానికి ఒక మనిషి వచ్చేవాడు. వెదురుబద్ద వంచి బిగించిన బుట్టలు, ఎలుకకి ఇంత అని బేరం. బుట్టకి పడనివాటి కోసం కన్నం తవ్వేవాడు. కన్నం లోపలెక్కడో ఒక అరలో ఎలుక కొరికి దాచుకున్న వరివెన్నులుండేవి, చెక్కు చెదరకుండా, చిన్న కట్టలా. ఆ వెన్నులు తీసి పైపంచెలో కట్టుకునేవాడు. నెల్లూరు వైపు యానాదులకీ ఇదే అలవాటు, ఎలుకల కలుగుల్లోని గింజలు దంచి వండుకున్న సంసారాలున్నాయి, ఎలుకనీ తిన్నారు. ఒక ఏడు పెద్దాయన నాన్నగారు ఆ మూట విప్పించి సగం వెన్నులు వెనక్కి తీసుకున్నారు. "మన చేనువే కదా," అన్నారు. ఆ మనిషి ఏమీ అనలేదు, మిగిలిన సగం మళ్లీ ముడివేసుకున్నాడు. ఇన్నాళ్లూ గుర్తురాని ఆ ముడి, ఫోనులో పాము తల తిప్పుకోవడం చూసిన దగ్గర్నుంచీ పెద్దాయనకి అన్నం దగ్గర గుర్తొస్తోంది.

ఫ్రిస్కో పాము మొత్తానికి తింది. మెత్తబొచ్చుది ఒకటి, తర్వాత వారం ఇంకోటి. ఇప్పుడు మిగులు సమస్య. ఎదిగినవాటిని మేనల్లుడు పద్ధతి ప్రకారం కడతేర్చి, సైజులవారీగా జిప్ కవర్లలో కట్టి, తేదీలు రాసి ఫ్రీజర్లో సర్దుతున్నాడు. అదే ఫ్రీజర్లో కిందటి వర్షాకాలం తణుకు నుంచి ఎవరిచేతో పంపిన పులస పులుసు డబ్బా, గోంగూర ముద్దలు ఉన్నాయి.

ఆ ఫ్రీజర్ తలుపు రేపు తీయబోయేది పెద్దాయన చెల్లెలు, మేనల్లుడి తల్లి. వీసా వచ్చింది, ఆరు నెలలు ఉండి రావడానికి ప్రయాణం. పాము సంగతి ఆవిడకి చెప్పే బాధ్యత మావయ్యదని ఫ్రిస్కోలో తీర్మానం జరిగింది. ఆయన భయపడుతూనే కదిపారు. ఆవిడ దిగులల్లా నాగుల చవితికి ఆ దేశంలో పుట్ట ఎక్కడ దొరుకుతుందనే. పుట్టతో పనిలేదు, స్వామి ఇంట్లోనే ఉన్నాడని తెలిసేసరికి కళ్లకద్దుకుంది. పాలెన్ని పోయాలి, చిమ్మిలి తింటాడా అని అడిగింది. పాలు తాగడనీ ఎలుకలు తింటాడనీ చెప్పడానికి పెద్దాయన నోరు తెరిచారు. అప్పటికే ఆవిడ సామాన్ల జాబితాలోకి దిగిపోయింది. పసుపు, నువ్వులు, బెల్లం, వినాయకుడి చిన్న విగ్రహం. పొట్టకి నాగుపాము, కాళ్ల దగ్గర ఎలుక.

ఎలుకల సంగతి ఇంకా చెప్పలేదు.