పంటి ఓపీకి కొన్ని తలకిందుల సలహాలు

పెద్దాసుపత్రిలో పంటి ఓపీ ఎలా నడుస్తోందో తేల్చాల్సిన సూపరింటెండెంట్లకు ఈ సలహాలు. వినగానే తిక్కగా తోస్తాయి. అయినా పాటించి చూడండి.

రోజుకు ఎంతమందిని చూశారన్న లెక్కను మెచ్చుకోవడం మానేయండి. వైద్య నాణ్యతను వసతి, పనితీరు, ఫలితం అని మూడు వైపుల నుంచి చూడాలని అవెడిస్ డొనబేడియన్ 1966లోనే రాశారు. మనం కుర్చీలూ తలలూ లెక్కపెట్టి ఆగిపోతున్నాం. పన్ను పీకడం చాలాసార్లు పావుగంట పని. అదే పన్నును రూట్ కెనాల్ చేసి నిలబెట్టాలంటే ఎక్స్‌రేలు తీయాలి, రెండు మూడుసార్లు రప్పించాలి, చివర క్యాప్ వేయాలి. తలల లెక్కలో ఎప్పుడూ పీకుడే గెలుస్తుంది. ఆరేళ్లకు వచ్చిన దవడ పన్ను పదిహేనేళ్లకే పోతే ఆ పిల్లకు అక్కడ మరో పన్ను రాదు. రిజిస్టర్లో మాత్రం ఒక కేసు పూర్తి! మొదలుపెట్టిన రూట్ కెనాల్స్‌లో ఎన్ని క్యాప్ దాకా వెళ్లాయో లెక్కించండి.

ఇబ్బందులు ఎక్కువగా రాసిన డాక్టరును మెచ్చుకోండి. పన్ను పీకాక కొందరికి ఆ గుంటలో రక్తపు గడ్డ నిలవదు. ఎముక బయటపడి, రెండు మూడు రోజులకు పోటు చెవిదాకా లాగుతుంది. డ్రై సాకెట్ అంటారు. ఎంత చెయ్యి తిరిగినవారికైనా అప్పుడప్పుడూ తప్పదు. ఏడాదంతా అలాంటిది ఒక్కటీ లేని రిజిస్టరును నేను నమ్మను. రాసినవారిని సంజాయిషీ అడిగారా, మర్నాటి నుంచి ఆ గడి ఖాళీయే.

దూది కొరికిపట్టి, పెదవి మొద్దుబారి కూర్చున్న మనిషి చేతిలో 'సంతృప్తి' కాగితం పెట్టకండి. మత్తు దిగందే నొప్పి ఏం తెలుస్తుంది? వారం ఆగి ఫోన్ చేయించండి. నమలగలుగుతున్నారా, మళ్లీ ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాల్సొచ్చిందా అని అడిగించండి.

ఆటోక్లేవ్ టేపు మీద నల్లగీతలు చూసి తృప్తిపడకండి. ప్యాకెట్టుకు వేడి తగిలిందని మాత్రమే అవి చెబుతాయి. క్రిములు చచ్చాయో లేదో తేల్చేది స్పోర్ టెస్ట్, అది వారానికోసారైనా జరగాలి. క్యూ బాగా పెరిగిన వేళ చెప్పకుండా వెళ్లి కుర్చీ పక్కన నిలబడండి. ఒకరు దిగి మరొకరు ఎక్కేలోపు హ్యాండ్‌పీస్ మారిందా, స్పిరిట్ దూదితో తుడిచి అదే పెట్టారా? నాలుగే హ్యాండ్‌పీస్‌లున్న చోట పూటకు నలభై మందికి డ్రిల్ వేశారంటే జవాబు లెక్కలోనే ఉంది.

ఇవన్నీ చేస్తే ఓపీ సంఖ్య తగ్గొచ్చు. తగ్గనివ్వండి. ఎందుకు తగ్గిందని పైనుంచి అడిగితే, నిలబెట్టిన పళ్ల లెక్క పంపండి.