‘ఉన్నదున్నట్టు’ అను వాక్యమునకు టీకా తాత్పర్యములు

మూలము

“ఏం లేదు బాబూ, ఆ పాతదాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి ఈ కొత్తదాంట్లో పెట్టెయ్యి. సాయంత్రానికల్లా కావాలి.”

అవతారిక

శుభలేఖలును కరపత్రములును కూర్చు ఒకానొక డీటీపీ సెంటరు యజమాని హార్డ్‌వేర్ కుర్రవానితో పలికిన వాక్యమిది. పాత కంప్యూటరు మదర్‌బోర్డు ఉదయమున పొగ విడిచి ఊరకుండెను. డిస్కు మాత్రము క్షేమము. అందులో విండోస్ ఎక్స్‌పీ, దానిపై పేజ్‌మేకర్ 7.0, దానిలో ‘అను’ ఫాంట్లు, వానితో కూర్చిన ఊరివారి పెండ్లిండ్లు, గృహప్రవేశములు, పెద్దకర్మలు. ఎక్స్‌పీయు పేజ్‌మేకర్ 7.0యు రెండును 2001లో పుట్టినవే. మొదటిదానికి మైక్రోసాఫ్టువారు 2014 ఏప్రిల్ 8న నీళ్లు వదలిరి. రెండవదాని తరువాత ఆ వంశమున సంతానము లేదు. ఇక ఆ ఫాంట్లు యూనికోడ్ సంప్రదాయము లోనివి కావు. అవి లేనిచోట వధూవరుల పేర్లు ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, టోపీలు కలిసిన గుంపుగా కనబడును. కావున పెట్టె చచ్చినను లోపలి సంసారము చావరాదు. ఇన్‌స్టాలేషన్ సీడీ ఎక్కడ నున్నదని అడుగుట మర్యాద కాదు.

టీక

ఏం లేదు = చాల ఉన్నది. విపరీత లక్షణ.

బాబూ = సంబోధన. కూలి మాట ముందుగా తేల్చుకొనరాదని దీనిచే సూచితము.

ఆ పాతదాన్ని = పెట్టెనా, డిస్కునా, డిస్కులోని సర్వస్వమునా యని సందేహము. మూడవదియే గ్రాహ్యము. యజమాని మాత్రము ఈ మూటికిని కలిపి ‘సీపీయూ’ అనును. అది లోకరూఢి గనుక తప్పు పట్టరాదు.

ఎత్తి = ఇమేజి తీసి. ఫైళ్లను కాపీ చేయుట కాదు. పార్టిషన్ పట్టికతో, బూట్ సెక్టారుతో సహా డిస్కునంతను ఒకే ఫైలుగా మూటగట్టుట. పీసీలలో ఈ విద్యకు పేరు తెచ్చినది ఘోస్ట్. న్యూజిలాండ్‌లోని బైనరీ రీసెర్చ్ వారు రచించిరి, 1998లో సిమాంటెక్ వారు కొనిరి. ఇప్పటివారికి క్లోనెజిల్లా ఉచితము.

ఉన్నదున్నట్టు = వాక్యమునకు ప్రాణమీ పదమే; వాక్యమును చెడగొట్టినదియు నిదే. ఇమేజి తప్పుగా వచ్చినందున కొత్త పెట్టె లేవకపోవుట అరుదు. అక్షరము పొల్లుపోక వచ్చుటచేతనే లేవదు. ఎట్లనగా, ఎక్స్‌పీ ఇన్‌స్టాలగునాడే తానున్న బోర్డును పరికించి, డిస్కును నడపు కంట్రోలరేదో చూచి, దానికి తగిన డ్రైవరును మాత్రమే బూట్ వేళ లేపునట్లు రిజిస్ట్రీలో వ్రాసికొనును. పాత బోర్డున నున్నది ఐడీఈ. కొత్తదానిది ఏహెచ్‌సీఐ. స్విచ్చి వేయగనే బూట్ లోడరు బయాస్ చేయూతతో కెర్నెలును డిస్కునుండి చక్కగనే మెమరీలోనికి తెచ్చును. ఎక్స్‌పీ బొమ్మ వెలుగును; యజమాని మొగమును వెలుగును. అంతట కెర్నెలు బయాస్ చేయి విడిచి తన డ్రైవరుతో డిస్కును తాకబోవును. ఆ డ్రైవరు లేచి యుండలేదు. నీలి తెర. స్టాప్ 7బి, ఇనాక్సెసబుల్ బూట్ డివైస్. క్షణము క్రిందట ఏ డిస్కునుండి తాను వచ్చెనో ఆ డిస్కే అందుట లేదని కెర్నెలు మొఱ. ఇంతకంటె విడ్డూరమైన ఘట్టము ఈ శాస్త్రమున లేదని మా అభిప్రాయము.

కెర్నెలునకును హార్డ్‌వేరునకును నడుమ నుండు హాల్ అను పొరయు ఇట్టిదే. ఒక ప్రాసెసరా, పెక్కులా, ఇంటరప్టులు ఏ తీరువి యని ఎక్స్‌పీ ఇన్‌స్టాల్ నాడే తేల్చుకొని మరల విచారింపదు. విస్టా నుండి బూటైనప్పుడెల్ల చూచుకొనుట మొదలయ్యెను.

ఆక్షేపము: బయాస్‌లో ఏహెచ్‌సీఐని మార్చి ఐడీఈ పెట్టిన చాలదా? సమాధానము: ఆ ఐచ్ఛికమున్న బోర్డున తఱచు చాలును. నేటి బోర్డులలో అది లేదు. యూఈఎఫ్ఐ తప్ప మఱేమియు ఎఱుగని బోర్డు ఎక్స్‌పీ బూట్ సెక్టారు వంక చూడనైన చూడదు. మఱి ఏహెచ్‌సీఐ డ్రైవరునే ఇచ్చినచో? ఎక్స్‌పీ సీడీలోనే అది లేదు. కొత్తగా ఇన్‌స్టాల్ చేయువారు సైతము ఎఫ్6 నొక్కి ఫ్లాపీతో అందింపవలసి వచ్చెడిది.

పాత పెట్టె ప్రాణముతో నుండగనే సిస్‌ప్రెప్ నడుపుట పూర్వుల మార్గము. అది చేయు పని మఱపించుట: తానున్న బోర్డేదో, తన గుర్తింపు సంఖ్య ఏదో వ్యవస్థ మఱచును, కొత్తచోట లేచి హాల్ తప్ప తక్కినవి మొదటినుండి చూచుకొనును. అయితే యజమానులు పొగ వచ్చిన పిదప గాని కబురు పంపరు. అప్పుడు ఆ డిస్కును వేఱొక కంప్యూటరునకు తగిలించి, దాని రిజిస్ట్రీలోని సిస్టమ్ హైవ్‌ను రెజెడిట్‌తో తెఱచి, లేని డ్రైవరుల ఫైళ్లు చేర్చి, వాని పేర్లు బయటినుండి వ్రాయుటయే గతి.

కొత్తదాంట్లో = ఎట్లో బూటైనదనుకొందము. “కొత్త హార్డ్‌వేర్ కనబడినది, నెక్స్ట్ నొక్కుడు” అని తెర యడుగును. యూఎస్‌బీ 3 పోర్టునకు డ్రైవరు లేనందున మౌసు కదలదు. మౌసు కదలుటకు నెక్స్ట్ నొక్కవలె. పీఎస్/2 కీబోర్డు అటకమీద దాచినవాడు ధన్యుడు. ఇంతలో ఎక్స్‌పీ తన చుట్టు నున్నవి మాఱెనని గ్రహించి యాక్టివేషన్ కోరును. పెట్టెతో వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ పెట్టెతోనే పోవునన్నది ధర్మసూక్ష్మము. దీనిని వినుటకు యజమానికి తీరిక లేదు.

పెట్టెయ్యి = ‘వేయు’ అను సహాయక్రియ పనియొక్క సులభత్వమును తెలుపును. చెప్పువానికే.

సాయంత్రానికల్లా = ఏ దినపు సాయంత్రమో చెప్పలేదు గనుక నిర్దోషము.

తాత్పర్యము

ఓ చిన్నవాడా! నేను పోగొట్టిన సీడీలను, ఎన్నడును వ్రాసిపెట్టని పాస్‌వర్డులను అడుగక, డెస్క్‌టాపుమీది ఐకానులు సైతము చోటు తప్పకుండ, నా పాత కంప్యూటరు చావలేదని నేను నమ్మునట్లు చేయుమని భావము.

పాఠాంతరము

నవ్యులు ‘కొత్తదాంట్లో’ అనుచోట ‘కొత్తదాంట్లోని పాతదాంట్లో’ అని పఠింతురు. అదియే మాకును సమ్మతము. కొత్త పెట్టెలో నేటి విండోస్‌ను ఉంచి, దానిలో వర్చువల్‌బాక్స్ తెఱచి, ఇమేజిని వర్చువల్ డిస్కుగా మార్చి అందులో లేపుట. వర్చువల్‌బాక్స్ 1990వ దశకపు ఇంటెల్ పీఐఐఎక్స్4 ఐడీఈ కంట్రోలరు వేషము కట్టును. పాత హాల్ ఎట్టిదో దానికి తగినట్లు ఐఓ ఏపిక్ అను మీటను వేయుటయో తీయుటయో మన పని. అప్పటికిని 7బి వచ్చినచో హైవ్‌లో ప్రామాణిక ఐడీఈ డ్రైవరు పేర్లు చేర్పక తప్పదు. ఆ పిదప ఎక్స్‌పీ తాను పాతయింటనే యున్నాననుకొని పేజ్‌మేకర్ తెఱచును. ఇది భ్రాంతిమదలంకారము. నెట్ తీగ మాత్రము దాని కందనీయరాదు. 2014 తరువాతి వైరసులు కట్టు వేషములను అది ఎఱుగదు.

విశేషము

ఇది పరకాయ ప్రవేశము వంటిది. శంకరులు అమరుక మహారాజు కాయమున ప్రవేశించునపుడు తమ కాయమును గుహలో శిష్యుల కాపలాన ఉంచిరని కథ. దానిని కాల్పింపజూచిన మంత్రులును ఆ కథలో కలరు. కావున కొత్తది నడచెనని పాత డిస్కును ఫార్మాట్ చేయరాదు. పైన తేదీ వ్రాసి బీరువాలో నుంచి తాళము వేయవలెను. మంత్రుల పాత్ర ఇచ్చట యజమాని కుమారునిది. సినిమాలు నింపుకొనుటకు అడుగును.