పైలం ఉస్తాద్

వారాసిగూడలో మా గల్లీకి జేసీబీ వచ్చిందంటే పెళ్ళివారు దిగినట్టే. వాకిళ్ళలో కుర్చీలు పడతాయి, చాయ్‌లు తిరుగుతాయి. ఆ పసుపు బండి అసలు పేరు బ్యాక్‌హో లోడర్ అంటే ఇక్కడ ఎవరూ నమ్మరు. వనస్పతి అంతా డాల్డా అయినట్టు, మట్టి తవ్వేదంతా జేసీబీయే. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఇంగ్లండు ఆసామి 1945లో కంపెనీ పెట్టి తన పొడి అక్షరాలు దానికి తగిలించాడు. 1979లో బల్లబ్‌గఢ్ ఫ్యాక్టరీతో అవి మన దేశంలోకి వచ్చాయి. 2019లో ‘జేసీబీ కీ ఖుదాయీ’ అని దేశమంతా నవ్వుకుంది గానీ, మావాళ్ళు అంతకు చాలా ముందు నుంచే ఆ తవ్వకానికి ముందు వరస ప్రేక్షకులు.

బండి మీద ఇద్దరుంటారు. ఒకరు ఉస్తాద్, ఇంకొకడు పిలగాడు. ఉస్తాద్‌కి యాభై దాటాయి, భుజాన తువ్వాలు, ముందరి బకెట్‌కి నిమ్మకాయా మిరపకాయలూ. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి ఫీజు లేదు, పుస్తకం లేదు. పాఠ్యాంశం ఒకే ఒక్క మాట: ‘పైలం’. పొట్టిగా అంటే పైన కరెంటు తీగ ఉందని. సాగదీసి అంటే కింద పైపు ఉందని. చివర ‘బే’ తగిలిస్తే వెనక మనిషి ఉన్నాడని.

మొదటి ఏడాదంతా పిలగాడికి గ్రీసు గన్నే. పిన్ను ఉన్న ప్రతి కీలుకీ పొద్దున్నే గ్రీసు కొట్టాలి, హోసు పగిలితే రాణిగంజ్ ఉరకాలి. సీటెక్కే యోగం రెండో ఏట పట్టింది. ఎక్కీ ఎక్కగానే వాడు సీటు బెల్టు కోసం వెతికాడు. అది ఉస్తాద్ టిఫిన్ డబ్బాకి కట్టి ఉంది.

“పప్పుచారు ఒలుకుతది,” అన్నాడు ఉస్తాద్. తనకి పొట్టే బెల్టట.

పిలగాడు మారు మాట్లాడకుండా డబ్బా దించి, బెల్టు తను పెట్టుకున్నాడు. ఆ రోజు పప్పుచారు ఒలికింది కూడా. ఉస్తాద్ ఏమీ అనలేదు, అదే ఆశ్చర్యం.

అసలు తిప్పలు ఎడమా కుడీతో. రోడ్డు మీద నడిపేటప్పుడు ముందుకి చూస్తాడు, తవ్వేటప్పుడు సీటు వెనక్కి తిప్పుకుంటాడు. చేతిలో రెండు లివర్లు, వాటితో నాలుగు పనులు: బూమ్, ఆర్మ్, బకెట్, స్వింగ్. ఈ లోపు ఎదురింటి రిటైర్డ్ రైల్వే పెద్దాయన “ఎడమకి, ఇంకా ఎడమకి!” అని చెయ్యి ఊపుతాడు. ఆయన ఎడమ బండికి కుడి. “సైగ ఒక్కరిదే సూడు, గది నాది,” అని ఉస్తాద్ శాసనం. పెద్దాయన రెండు రోజులు అలిగారు.

తవ్వేముందు కింద ఏముందో తెలుసుకోవడానికి ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ అని కేంద్రం 2023 మార్చి 22న ఓ యాప్ తెచ్చింది. పిలగాడు దాన్ని ఫోన్‌లో తెరిచాడు. ఉస్తాద్ మాత్రం మూలింటి అవ్వ దగ్గరికి పోయాడు. “మంజీరా లైను గీ వేపచెట్టు కాడ వంకర తిరిగింది బిడ్డా,” అందావిడ. ముగ్గు పోసి, ఆ వంకర దగ్గర పారతో మెల్లగా తవ్వి చూశారు. ఉంది పైపు! పోయినేడు ఇంకెవరి బండో అవ్వను అడక్కుండా తవ్వితే గల్లీకి మూడు రోజులు నీళ్ళు లేవు. యాప్ మీద నాకు గౌరవమే గానీ, అందులో అవ్వ కూడా ఉండాలి.

ఆఖరి రోజు గుంత పిలగాడికి వదిలి ఉస్తాద్ చాయ్ గ్లాసు పట్టుకున్నాడు. వాడు జాకీల కింద చెక్కలు వేయించాడు, బండిని మట్టం చేసుకున్నాడు, తీసిన మట్టి అంచుకు రెండడుగుల అవతల పోశాడు. ఘనపు మీటరు మట్టి టన్నున్నర పైనే తూగుతుంది. అంచున పోస్తే గుంతే కూలుతుంది. మూడడుగులు దిగగానే మన సికింద్రాబాద్ బండ తగిలి టంగుమంది.

ఆ బండ చూద్దామని నేనే, ఈ వ్యాసకర్తనే, ముందుకు వంగాను.

ఇంజను దిగ్గున ఆగింది.

“పైలం... సార్!”

‘బే’ మింగేసి ‘సార్’ అన్నాడని అర్థమైంది. ఉలిక్కిపడి వెనక్కి అడుగేస్తే ఎడమ చెప్పు జారి గుంతలో పడింది. పిలగాడు మళ్ళీ ఇంజను వేసి, బకెట్ పంటితోనే దాన్ని పైకి తీయబోయాడు. గల్లీ అంతా ఈల వేసింది.

“దిగు బే! చేత్తోని తీ!” అన్నాడు ఉస్తాద్, గ్లాసులోంచి తల ఎత్తకుండానే.

పిలగాడు బకెట్ నేలకి ఆనించాడు. ఇంజను ఆపాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. బెల్టు విప్పి, ఒక్కో మెట్టూ పట్టుకుని దిగాడు. అంతసేపూ నేను ఒంటికాలి మీదే నిలబడ్డాను.