చరాస్తి ప్లీడరు, స్థిరాస్తి ప్లీడరు

ఓట్ల లెక్కింపు రోజున జనం టీవీ ముందు కూర్చుని ఎవరు గెలుస్తారా అని చూస్తారు. నందిగామ, జగ్గయ్యపేట కోర్టుల్లో ప్రభుత్వ ప్లీడరు కుర్చీలో ఉన్నవాళ్లూ, ఆ కుర్చీ మీద కన్నేసినవాళ్లూ మాత్రం తమ మీద తీర్పు వినడానికి కూర్చుంటారు. రౌండు రౌండుకూ ఒకరి నల్లకోటు వదులవుతుంటుంది, ఇంకొకరికి కొత్తది కుట్టించుకోవాలనిపిస్తుంటుంది. 2014లో ఈ రెండు నియోజకవర్గాలూ తెలుగుదేశానివి. 2019లో రెండూ వైఎస్సార్ కాంగ్రెస్‌వి. 2024లో రెండూ మళ్లీ తెలుగుదేశానివే. ఇక్కడి మెట్ట ప్రాంతపు ఓటరు చెయ్యి అంత నిక్కచ్చి. పాపం, ఆయనకు తెలియనిదల్లా ఒకటే: మీట నొక్కి తాను మార్చేది ఒక్క ఎమ్మెల్యేనే కాదు, తన ఊరి చెరువు తరఫున కోర్టులో లేచి నిలబడాల్సిన మనిషిని కూడా.

సర్కారు వకీళ్లు రెండు రకాలు. మొదటిది చరాస్తి: గవర్నమెంటు ప్లీడరు, అసిస్టెంటు గవర్నమెంటు ప్లీడరు, చాలా సెషన్స్ కోర్టుల్లో పబ్లిక్ ప్రాసిక్యూటరు. వీళ్లది మూడేళ్ల ముచ్చట. రెండోది స్థిరాస్తి: మేజిస్ట్రేటు కోర్టులో కనిపించే అసిస్టెంటు పబ్లిక్ ప్రాసిక్యూటరు. అందరూ పిలిచే పేరు ఏపీపీ. పరీక్ష రాసి వచ్చినవాడు, నెల జీతం, సర్వీసు రిజిస్టరు ఉన్నవాడు. ఎవరూ కదిలించలేరు, తానూ కదలలేడు. కోర్టు బయట టీ కొట్టు దగ్గర జూనియర్లు ఈ రెంటిలో ఏది మేలని తెగ తూకం వేస్తుంటారు. తూకం వెయ్యడానికి తక్కెడ ప్రభుత్వానిదే, రాళ్లూ ప్రభుత్వానివే కాబట్టి ఎటు మొగ్గినా నష్టపోయేది ఎవరో కాస్త చూద్దాం.

ముందు చరాస్తి సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2000 డిసెంబరులో న్యాయశాఖ 187వ నంబరు జీవో ఇచ్చింది. లా ఆఫీసర్ల నియామకం, సర్వీసు షరతులు అందులో ఉన్నాయి. మూడేళ్ల కాలం అని ఒక చేత్తో రాసి, ఒక నెల నోటీసుతోనో నెల గౌరవ వేతనం చేతిలో పెట్టో ఎప్పుడైనా ఇంటికి పంపవచ్చని ఇంకో చేత్తో రాశారు. అద్దె ఇంటి కరారులోనైనా ఇంతకన్నా దయ ఉంటుంది. పై మెట్టు మీద కథ వేరు. అడ్వకేట్ జనరల్ రాజ్యాంగం 165వ అధికరణ ప్రకారం గవర్నరు ఇష్టం ఉన్నంతకాలం ఉంటారు. 2019లో దమ్మాలపాటి శ్రీనివాస్ వెళ్లి ఎస్. శ్రీరామ్ వచ్చారు. 2024 జూన్‌లో శ్రీరామ్ వెళ్లి మళ్లీ దమ్మాలపాటి వచ్చారు. ముఖ్యమంత్రికి సలహా చెప్పే లాయరు ఆయన నమ్మినవాడే కావాలంటే ఎవరికీ పేచీ లేదు. కానీ మున్సిఫ్ కోర్టులో నడిచే వాగు పోరంబోకు దావాలో పార్టీ సిద్ధాంతం ఏముంటుంది? మునేరు ఒడ్డున ఇరవై సెంట్లు ఎవరిదన్న ప్రశ్నకు తెలుగుదేశం జవాబు ఒకటి, వైఎస్సార్ కాంగ్రెస్ జవాబు ఇంకొకటి ఉంటుందా?

పబ్లిక్ ప్రాసిక్యూటరు విషయంలో చట్టం చాలా మర్యాదగా మాట్లాడుతుంది. ఏడేళ్లకు తగ్గని ప్రాక్టీసు ఉండాలి. జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు, సెషన్స్ జడ్జితో సంప్రదించి పేర్ల జాబితా తయారు చెయ్యాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షన్‌లో ఉన్న ఈ మాటే 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 18వ సెక్షన్‌లోకి వచ్చి కూర్చుంది. 2022 ఏప్రిల్ 4న మన రెండు ఊళ్లూ ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి కనుక కలెక్టరు బెజవాడలో, జిల్లా ప్రధాన కోర్టు మాత్రం పాత చోటే, బందరులో. ఆ జాబితా బెజవాడకూ బందరుకూ మధ్య బస్సెక్కి తిరగాలి. అది ఏ ఊరికీ పోకుండా ముందు ఏ గుమ్మం ఎక్కుతుందో బార్ అసోసియేషన్‌లో పేపరు చదివే పెద్దాయననడిగినా చెబుతాడు. ఏడేళ్ల ప్రాక్టీసు కోర్టులో చెయ్యాలని చట్టం. ఫ్లెక్సీల్లో చెయ్యాలని లోకం.

పెళ్లిచూపుల దగ్గరే ఈ ఉద్యోగం అసలు విలువ తేలుతుంది. ఆ సంభాషణ మెట్టలో ఏ ఇంట్లోనైనా ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

"అబ్బాయి గవర్నమెంటు ప్లీడరు బావగారూ."

"శుభం. పర్మనెంటేనా?"

"గవర్నమెంటు ఉన్నన్నాళ్లూ పర్మనెంటే అండీ."

"ఏ గవర్నమెంటు?"

ఇక్కడ మధ్యవర్తి కాఫీ అందుకుంటాడు. పిల్ల తండ్రి తెలివైనవాడు. ముహూర్తం ఎన్నికల ముందు పెట్టాలా తర్వాత పెట్టాలా అని లోపల లెక్క వేసుకుంటూ, పైకి మాత్రం, "పోనీ ఆ ఏపీపీ సంబంధం ఏమైంది బావగారూ?" అంటాడు.

"అదీ మంచిదే. పర్మనెంటు. కాకపోతే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే."

అల్లుడి సంగతి అలా ఉంచి, కక్షిదారు సంగతి చూడండి. దేశంలోకెల్లా పెద్ద కక్షిదారు ప్రభుత్వమే. జగ్గయ్యపేటలో మిర్చి వ్యాపారి అయినా తన దావా నడుపుతున్న ప్లీడరును ఎన్నికలు జరిగాయని మార్చడు. మార్చాల్సి వస్తే కేసు కట్టలన్నీ లెక్కపెట్టి తెచ్చుకుంటాడు. ప్రభుత్వం అలాంటి చాదస్తాలు పెట్టుకోదు.

ఒక మామూలు దావా ఎలా చస్తుందో దగ్గరగా చూపిస్తాను. ఊరి చెరువు శిఖం తనదేనని ఒకాయన దావా వేస్తాడు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వానికి రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఇస్తాడు. అది తహసీల్దారు ఆఫీసు ఇన్‌వర్డు రిజిస్టరులో నంబరు వేయించుకుని బీరువా ఎక్కుతుంది. సమన్లు వస్తాయి. ప్లీడరు జవాబు దాఖలు చెయ్యాలంటే తహసీల్దారు పేరావారీ రిమార్కులు పంపాలి. ప్లీడరు ఉత్తరం రాస్తాడు, ఫోన్ చేస్తాడు, చివరికి వీఆర్వోను బతిమాలతాడు. ఇంతలో ప్రభుత్వం మారుతుంది. పాత ప్లీడరు ఇంటి అరుగు మీద కట్ట ఉంటుంది. కొత్త ప్లీడరు చేతిలో నియామకపు ఉత్తర్వు, మెడలో దండ ఉంటాయి. కట్ట అడగడానికి కొత్తాయనకు నామోషీ, పిలిచి ఇవ్వడానికి పాతాయనకు మంట. వాయిదా రోజు బెంచి క్లర్కు కేసు నంబరు పిలుస్తాడు. ప్రతివాది, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, పలకదు. ఎక్స్ పార్టీ. చెరువు పోయింది, కాకపోతే చాలా మర్యాదగా పోయింది.

ఆ తర్వాత అప్పీలుంది కదా అంటారు. ఉంది. ఆలస్యం మాఫీ చెయ్యమని ఒక పిటిషన్ వేసి, అందులో ఫైలు ఎన్ని బల్లల మీద నిద్రపోయిందో పూసగుచ్చినట్టు రాస్తారు. 2012లో పోస్టుమాస్టర్ జనరల్ కేసులో 427 రోజుల ఆలస్యాన్ని సుప్రీంకోర్టు మాఫీ చెయ్యనంది. ప్రభుత్వ శాఖ అయినంత మాత్రాన గడువు చట్టం వంగదని చెప్పింది. మన తహసీల్దారు బీరువాకు ఆ తీర్పు ఇంకా సర్వ్ అయినట్టు లేదు.

మూడేళ్ల ప్లీడర్లందరూ పనికిమాలినవాళ్లని నేననను. సొంత డబ్బుతో జిరాక్సులు తీయించి, గౌరవ వేతనం బిల్లు ఎప్పుడు పాసవుతుందో తెలియకపోయినా సర్కారు తరఫున గొంతు చించుకునేవాళ్లు ఉన్నారు. ఐతే మెట్ట రైతుకు ఒక సంగతి తెలుసు. ఏడాది కౌలుకు తీసుకున్న మిర్చి చేలో కౌలుదారు చెరువు మట్టి తోలడు. వచ్చే ఏడు ఆ చేను ఎవరిదో తెలియనప్పుడు ఎందుకు తోలతాడు? ఉన్న సారమంతా ఈ పంటలోనే పిండుకుంటాడు. తప్పు కౌలుదారుదా, కరారు రాసినవాడిదా?

ఇది ఆంధ్రా ఆవిష్కరణ అని గర్వపడకండి. 1990 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఒక్క సర్క్యులర్‌తో రాష్ట్రంలోని జిల్లా ప్రభుత్వ న్యాయవాదులందర్నీ ఒకేసారి తీసేసింది. శ్రీలేఖ విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది. ప్రభుత్వాలు ఊపిరి బిగబట్టాయి. 2004లో జోహ్రీ మల్ కేసులో ప్లీడరుకు పునర్నియామకం హక్కేమీ కాదని చెప్పింది. ప్రభుత్వాలు ఊపిరి పీల్చుకున్నాయి. 2016లో పంజాబ్ కేసులో, ప్రభుత్వ న్యాయవాదుల ఎంపిక ప్రతిభను బట్టి, పారదర్శకంగా జరగాలని చెప్పింది. ప్రభుత్వాలు ఆ తీర్పును భద్రంగా దాచుకున్నాయి. ఎంత భద్రంగా అంటే ఇప్పటిదాకా మళ్లీ బయటికి తియ్యలేదు.

చరాస్తిలో ఒక్క శాశ్వత లాభం ఉంది. పోస్టు పోయాక కూడా ఇంటి ముందు బోర్డు మీద 'మాజీ ప్రభుత్వ న్యాయవాది' అన్న మాట పోదు. ఆ 'మాజీ'ని ఏ ప్రభుత్వమూ ఒక నెల నోటీసుతో పీకెయ్యలేదు.

ఇక స్థిరాస్తి. ఏపీపీ కావాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి, రాతపరీక్ష నెగ్గాలి. ఆ పరీక్ష పెట్టేది ఎవరో తెలుసా? పోలీసు నియామక మండలి. ప్రాసిక్యూటర్లను పోలీసు శాఖ పెత్తనం నుంచి విడదీయండని మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. విడదీశాం, పరీక్ష మాత్రం అక్కడే రాయండి అంటోంది సర్కారు. 2025లో ఆంధ్రప్రదేశ్ నోటిఫికేషన్‌లో వచ్చిన పోస్టులు 42. రాష్ట్రమంతటికీ 42! నల్లకోటు వేసుకున్న కుర్రాళ్లు ఆ సంఖ్య చూసి కోటు విప్పి విసనకర్రలా ఊపుకున్నారు.

సరే, నెగ్గాడనుకోండి. మేజిస్ట్రేటు కోర్టులో ఏపీపీ బల్ల చూడండి. ఒక పక్క గరికపాడు చెక్‌పోస్టులో పట్టిన తెలంగాణ మద్యం కేసులు, ఇంకో పక్క హైవే మీద లారీ గుద్దుళ్లు, మధ్యలో పేకాట, కోడిపందేలు, గట్టు తగాదాలో పగిలిన తలకాయ. పంచనామా సాక్షి బోనెక్కి, "సంతకం నాదేనండి, సీసాలు మాత్రం నేను చూడలేదండి" అంటాడు. ఏపీపీ ముఖంలో ఏ మార్పూ ఉండదు. "సాక్షి ఎదురు తిరిగాడు, క్రాస్ చెయ్యడానికి అనుమతించండి" అని నిద్రలో కూడా చెప్పగలిగేంత అలవాటు. ఈ మాటే నిన్నా చెప్పాడు, రేపూ చెబుతాడు. పోనీ కష్టపడి నేర్పు సంపాదిస్తే సెషన్స్ కోర్టులో హత్య కేసు నడిపే అవకాశం వస్తుందా అంటే, చాలామందికి అక్కడే నిచ్చెన విరుగుతుంది.

విరగ్గొట్టిన తీరు మాత్రం ముచ్చటైనది. ప్రాసిక్యూటర్ల రెగ్యులర్ కేడర్ ఉన్న రాష్ట్రంలో పబ్లిక్ ప్రాసిక్యూటర్లను ఆ కేడర్ నుంచే తీసుకోవాలని చట్టం చెబుతుంది. మంచిదే. అయితే 1990లో కేరళ కేసులో, కింది మెట్టు నుంచి పబ్లిక్ ప్రాసిక్యూటరు దాకా అన్ని మెట్లూ ఉంటేనే అది రెగ్యులర్ కేడర్ అని సుప్రీంకోర్టు తేల్చింది. దీంట్లో కిటుకు ఏ ప్రభుత్వానికైనా క్షణంలో అర్థమవుతుంది: పై మెట్టు కట్టకపోతే చాలు, కింది మెట్టు వాడికి ఎక్కే హక్కే పుట్టదు. పై కుర్చీలు మన మనుషులకు పంచుకోవచ్చు. అంటే స్థిరాస్తి ఎదగకపోవడానికి కారణం చరాస్తే. ఒకడి మూడేళ్ల ముచ్చట కోసం ఇంకొకడి ముప్పయ్యేళ్ల గొంగళి.

ఏపీపీకి పక్క తలుపు ఒకటుంది. 2013లో దీపక్ అగర్వాల్ కేసులో, పూర్తికాలపు ప్రాసిక్యూటరు కూడా అడ్వకేటే, జిల్లా జడ్జి పోస్టుకు పోటీ పడవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే సొంత శాఖలో పైకి వెళ్లడం కన్నా జిల్లా జడ్జి గారి కుర్చీలోకి వెళ్లడమే సులువు! ఇంత విడ్డూరమైన ప్రమోషన్ ఛానలు ఇంకే శాఖకైనా ఉందా?

మధ్యలో నలిగేది జూనియరు. 2019 డిసెంబరు 3న లా నేస్తం పథకం మొదలైంది. ప్రాక్టీసు మొదటి మూడేళ్లు నెలకు 5,000 రూపాయల భృతి ఇచ్చేవారు. మూడో ఏడు నిండితే ఏపీపీ పరీక్షకు అర్హత. ఏడో ఏడు నిండితే పబ్లిక్ ప్రాసిక్యూటరు జాబితాకు అర్హత. మధ్యలో ఉన్న ఆ నాలుగేళ్లలో కుర్రాడికి పరీక్ష ఎప్పుడొస్తుందో తెలియదు, భృతి లేదు, సీనియరు ఇచ్చే పెట్రోలు డబ్బులు తప్ప ఆదాయం లేదు. సరిగ్గా అప్పుడే కుర్రాడి మెడలోకి పార్టీ కండువా వచ్చి పడుతుంది. ఆ తర్వాత వాడు వాదించే కళ మేజిస్ట్రేటు ముందు కాక ఎమ్మెల్యే గారి వరండాలో నేర్చుకుంటాడు.

ఏది మేలు అని నన్ను నిలదీస్తే నా ఓటు ఏపీపీకే. ఎమ్మెల్యే ఓడిన రాత్రి అతనికి నిద్ర పడుతుంది. అతని బల్ల మీది కట్ట మర్నాడు కూడా అదే బల్ల మీద ఉంటుంది. ఎదుగుదల లేదంటారా, అది అతని చేతకానితనం కాదు, ప్రభుత్వం చేసిన పని. సెషన్స్ కోర్టు కుర్చీలు కేడర్‌కు వదిలిపెడితే ఒక్క జీవోతో సర్దుకుంటుంది. సివిల్ దావాలకు ప్రైవేటు ప్లీడర్లే కావాలంటే తీసుకోండి. కానీ ఎంపికకు పరీక్షో, పనితీరు లెక్కో పెట్టండి. ఎన్నికలతో ముడిపడని గడువు ఇవ్వండి. దిగిపోయే ప్లీడరు ప్రతి కట్టనూ సంతకం తీసుకుని అప్పగించే రిజిస్టరు పెట్టండి. గ్రామ పంచాయతీ బోరు మోటారుకు కూడా స్టాకు రిజిస్టరు ఉంది. ప్రభుత్వ భూమి దావాకు లేకపోతే ఎలా?

నందిగామ, జగ్గయ్యపేట ఓటర్లకు ఒక మనవి. 2029లో ఓటడగడానికి వచ్చేవాళ్లను రోడ్డు గురించి, సాగర్ కాలువ నీళ్ల గురించి ఎలాగూ అడుగుతారు. అడగడం పూర్తయ్యాక ఇంకొక్క ప్రశ్న వెయ్యండి: మా కోర్టులో మా చెరువు తరఫున నిలబడే ప్లీడరును ఎవరు ఎంపిక చేస్తారు, ఏ లెక్కన ఎంపిక చేస్తారు? గెలిచాక చూద్దాం అంటారు. ఆ ఒక్క విషయంలో మాత్రం వాయిదా ఇవ్వకండి.